వీరవేణి సర్వీసు మూడు రోజులు ఆలస్యం

విడివిడిగా చూస్తే ఎవరికి వాళ్లు తెలివైనవాళ్లే. పదిమందిని ఒక పొడవాటి బల్ల చుట్టూ కూర్చోబెట్టి మధ్యలో జీడిపప్పు పళ్లెం పెట్టినప్పుడే ఏం పుట్టుకొస్తుందో చెప్పలేం. రాష్ట్ర ప్రజా ప్రయాణ మండలి వారి ప్రధాన కార్యాలయంలో అలాంటి ఒక పళ్లెం ఖాళీ అయ్యేలోపల ‘ఋతుసౌలభ్య సెలవు’ పుట్టింది. ఆడ కండక్టర్లందరికీ నెలసరి మొదటి రోజున పూర్తి విశ్రాంతి. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంది. పెంపకంలోనే తేడా వచ్చింది.

వేలంగిపేట డిపో నోటీసు బోర్డు మీద ఆ ఉత్తర్వు అంటించిన రోజున చోడిశెట్టి వీరవేణి దాన్ని మూడుసార్లు చదివింది. ఆవిడ పద్నాలుగేళ్లుగా గండిలంక బండి మీద కండక్టరు. రోజుకు నాలుగు ట్రిప్పులు, కూర్చోవడానికి సీటుండదు, ఆగడానికి చోటుండదు. దారి పొడుగునా చెట్లు మగవాళ్లకీ, ఓర్పు ఆడవాళ్లకీ ఉంచారు. నెలలో మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆ మొదటి రోజు మాత్రం నడుం మీద ఎవరో రోకలి పెట్టి దంచుతున్నట్టుండేది. అలాగే టిక్కెట్లు కొట్టేది, అలాగే చిల్లర ఇచ్చేది, అలాగే తిట్లు తినేది. వీరవేణి దేవుణ్ణి ఏనాడూ మేడలడగలేదు. ఆ ఒక్క రోజూ ఇంట్లో పడుకోనిస్తే చాలనుకునేది.

చిక్కల్లా ఏమిటంటే, మండలిలో ఏ సెలవుకైనా మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. చావులకు కూడా ఈ నిబంధన ఉండేదనీ, ఒక డ్రైవరుగారి మామగారు ఎంత చెప్పినా మూడు రోజులు ఆగలేకపోవడంతో సడలించారనీ డిపోలో చెప్పుకుంటారు. నెలసరి మూడు రోజుల ముందు కబురు పంపించి రాదు కదా. కాబట్టి తేదీ ముందుగా చెప్పే మొబైల్ యాప్ ఒకటి కావాలన్నారు. వారంలో కావాలన్నారు. కంప్యూటరు విభాగం వారి దగ్గర అప్పటికే బస్సుల రాకపోకలు చూసే ‘బస్సుమిత్ర’ ఉంది. వాళ్లు దాని పేరు తీసేసి ‘ఋతుమిత్ర’ అని పెట్టి, చుట్టూ గులాబిరంగు పూలు వేశారు. లోపల బస్సు అలాగే ఉంది.

వేలంగిపేటలో యాప్ ప్రారంభోత్సవానికి డిపో మేనేజరు పేరి కామేశం గారు ఉపన్యసించారు.

“సోదరీమణులారా! సదరు విషయమునకు సంబంధించి, సదరు దినములలో, సదరు సిబ్బందికి కలుగు సదరు ఇబ్బందిని దృష్టిలో ఉంచుకుని మండలి వారు తీసుకున్న చారిత్రాత్మక నిర్ణయమును మనమందరము హర్షించవలసియున్నది.”

అరగంట మాట్లాడారు. విషయమేమిటో ఒక్కసారి కూడా అనకుండా దిగిపోయారు. పదకొండు మంది ఆడ కండక్టర్లు చప్పట్లు కొట్టారు.

పేర్లు నమోదు చేసే బాధ్యత కంట్రోలరు అబ్బులు మీద పడింది. ఆయన ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్లు. దొంగ టిక్కెట్టును వాసన చూసి పట్టగలడు, తాగిన డ్రైవర్ని వంద గజాల నుంచి గుర్తు పట్టగలడు. కానీ నెలసరి అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. ఇంట్లో కూడా ‘మీ అమ్మ దూరంగా ఉందిరా, మంచినీళ్లు మీరే ముంచుకోండి’ అనడం వరకే ఆయన పరిజ్ఞానం. అందుకే ఫోను తెరిచి, మొదటి ప్రశ్న ‘సర్వీసు చివరిసారి బయలుదేరిన తేదీ’ అని చూడగానే, మండలి వారి దయకు ఆయన కళ్లు చెమర్చాయి.

“అమ్మా వీరవేణీ, నీ సర్వీసు ఆఖరుసారి ఎప్పుడు బయలుదేరిందమ్మా?”

“పొద్దున్న ఆరూ పదికండి. మీరే కదండీ విజిలేసి పంపించారు.”

“ఆ సర్వీసు కాదమ్మా.” అబ్బులు చెవులు ఎర్రబడ్డాయి. “ఇంకోటి. నీ సొంతం.”

వీరవేణికి అర్థమైంది. “పదహారో తారీకండి.”

“ఎన్నాళ్లకోసారి తిరుగుద్దమ్మా?”

“ఇరవై ఎనిమిదికో, ముప్పై రెండుకో. దానిష్టమండి.”

“ఇష్టమంటే కుదరదమ్మా. ఇక్కడ ఒకటే అంకె పడతాది.” ఆయన ఇరవై ఎనిమిది కొట్టాడు. తర్వాత రూటు ఏమిటని అడిగింది యాప్. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. అబ్బులు కాసేపు ఆలోచించి ‘వేలంగిపేట నుంచి వేలంగిపేట, వయా సొంత ఇల్లు’ అని రాశాడు. అలా వీరవేణి ఏడో నంబరు సర్వీసైంది.

ఆవిడ వెనకాల వరసలో లోవతల్లి ఉంది. అందరికన్నా పెద్దది, యాభై ఒకటి నిండాయి. “నాకు నిలిచిపోయి రెండేళ్లయింది, బాబూ. ఏటి రాత్తావో రాయి,” అంది. నిలిచిపోయిన బండికి బస్సుమిత్రకు తెలిసింది ఒక్కటే, ‘తుక్కు’. అబ్బులు అదే నొక్కాడు. పది రోజులకు రాజధాని నుంచి కాగితం వచ్చింది. ‘కాలపరిమితి తీరిన సదరు సర్వీసును తుక్కుగా పరిగణించి, ఉపయోగపడు విడిభాగములను స్టోర్సులో జమ చేసి, మిగిలినది వేలమునకు సిద్ధము చేయవలెను.’

లోవతల్లి ఆ కాగితాన్ని డిపో గుమ్మంలో నిలబడి పైకి చదివించుకుంది. “పెట్టమనండి వేలం! నన్నెవడు పాడుకుంటాడో నేనూ చూత్తాను!” అంది. స్టోర్సు గుమాస్తా ఆ వారమంతా సెలవు మీద వెళ్లిపోయాడు.

మొదటి నెల వీరవేణికి పదమూడో తారీకున సెలవు మంజూరైంది. నెలసరి పదకొండునే వచ్చేసింది. తెల్లారగట్ల లేచి, కడుపు పట్టుకుని డిపో కిటికీ దగ్గరికి వచ్చింది.

“కంట్రోలరుగారండీ, నా సెలవు ఇయ్యాల్టికి మార్చండి.”

“పదమూడుకి కదమ్మా ఇచ్చారు?”

“ఇయ్యాలే వచ్చేసిందండి.”

అబ్బులు ముఖం మారిపోయింది. బస్సు ఆలస్యంగా నడవడం తప్పు. జనం నాలుగు తిట్లు తిట్టి ఎక్కి కూర్చుంటారు. కానీ టైముకన్నా ముందు వెళ్లిపోవడం నేరం. నమ్ముకుని వచ్చినవాడు ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడాలి. ముప్పై ఏళ్లలో అబ్బులు ముందు నడిచిన బండిని ఒక్కదాన్ని కూడా క్షమించలేదు.

“రెండ్రోజులు ముందా? పర్మిషను లేకుండానా? నువ్విలాంటి పని చేత్తావనుకోలేదమ్మా,” అన్నాడు బాధగా.

వీరవేణి గండిలంక బండి ఎక్కింది. ఆ దారిలో గోతులెన్నో రోడ్ల శాఖకు తెలియదు గానీ ఆ రోజు ఆవిడ నడుముకు లెక్క తెలిసింది. నాలుగో ట్రిప్పులో వెనక సీట్లో చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటే ఒక పెద్దమనిషి, “డ్యూటీలో నిద్రేటమ్మా?” అని కోప్పడ్డాడు. పదమూడో తారీకున సెలవు వచ్చింది. పెళ్లయిపోయాక వచ్చిన పురోహితుడిలా దాన్నేం చేసుకోవాలో తెలియక ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

పద్నాలుగున మెమో వచ్చింది. ముందస్తు నడకకు సంజాయిషీ ఇవ్వాలి. కారణాలు వాళ్లే అచ్చువేశారు, ఒకదానికి టిక్కు పెట్టాలి. టైరు పంక్చరు, పశువులు అడ్డు వచ్చుట, సిబ్బంది అలసత్వము, వంతెన కొట్టుకుపోవుట. వీరవేణి చాలాసేపు చూసి, వీటిలో తన ఒంటికి కొంచెం దగ్గరగా ఉన్నది వంతెనే అనిపించి దానికే టిక్కు పెట్టింది. నాలుగో రోజున ఇంజనీరింగు విభాగం నుంచి ఇద్దరు జీపులో వచ్చి, కూలిన వంతెన ఎక్కడుందో చూపించమన్నారు.

రెండో నెల పాత పదమూడు నుంచే లెక్కకట్టి పదో తారీకున సెలవిచ్చారు. నెలసరి పదమూడున వచ్చింది. ఈసారి ఆలస్యానికి మెమో. ఒక్క వీరవేణిదే కాదు, అందరిదీ అదే గోల. ఒక్క చిన్నమ్మలు అనే పిల్లకు మాత్రం చెప్పిన తేదీకే వచ్చింది. ఆ పిల్లకు ‘ఉత్తమ సమయపాలన’ ప్రశంసాపత్రం ఇస్తామన్నారు. దండ తెచ్చారని తెలిసి ఆ పిల్ల వెనక గేటు నుంచి పారిపోయింది.

నెలాఖరున ప్రాంతీయ అధికారి దండమూడి విశ్వేశ్వరప్రసాద్ గారు తెర మీద సమీక్ష జరిపారు. కామేశం గారు, అబ్బులు, వెనక గోడవారగా ఆడ కండక్టర్లు కూర్చున్నారు.

“వేలంగిపేట!” అన్నారు అధికారిగారు. “తుక్కు పోగా పది సర్వీసులుంటే సమయానికి నడిచింది ఒక్కటి! సమయపాలన పది శాతం! రాష్ట్రంలో ఆఖరి స్థానం! ఏం చేస్తున్నారు మీరు?”

“అయ్యా, గట్టి పర్యవేక్షణ ఏర్పాటు చేశామండి.”

“ఆఫీసులో కూర్చుంటే పర్యవేక్షణ కాదు. క్షేత్రస్థాయికి మీరు స్వయంగా వెళ్లి పరిశీలించాలి.”

కామేశం గారు కుర్చీతో సహా ఒక అడుగు వెనక్కి జరిగారు. లోవతల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇంకొకటి,” అన్నారు అధికారిగారు. “మూడు సర్వీసులు ఒకే రోజు నడిచాయి. తర్వాత వారం రోజులు ఒక్కటీ లేదు. ఇలా గుంపుగా నడిస్తే ప్రయాణికుల గతేం కాను?”

“ప్రయాణికులెవరండీ?” అన్నారు కామేశం గారు మెల్లిగా.

ఆ ప్రశ్న సమావేశపు ఎజెండాలో లేదు కాబట్టి అధికారిగారు సమీక్ష ముగించారు. మూడు రోజులకొకటి చొప్పున సర్వీసులన్నీ సమానంగా సర్దుతూ సవరించిన టైంటేబుల్ వచ్చింది. వీరవేణికి తొమ్మిదో తారీకు కేటాయించారు. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సర్వీసు నం. 7 ఇకమీదట ప్రతి నెల తొమ్మిదవ తేదీన నడుచును.’

“ఈ కాయితం నాకిచ్చి ఏం లాభమండీ? దానికియ్యండి,” అంది వీరవేణి.

“ఉత్తర్వు జారీ అయిపోయిందమ్మా. ముట్టినట్టు సంతకం పెట్టు,” అన్నాడు అబ్బులు.

మూడో నెల తొమ్మిదిన ఆవిడ ఉత్తర్వు ప్రకారం ఇంట్లో కూర్చుంది. ఏమీ రాలేదు. ఊరికే కూర్చోలేక పెరటి గోడకు సున్నం వేసుకుంది.

ఇంతలో మండలి చైర్మన్ గారు పదమూడో తారీకున తెల్లారగట్లే వేలంగిపేట బస్టాండు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. రెండేళ్లుగా మూగబోయిన మైకును పన్నెండున హడావిడిగా బాగుచేయించారు. బస్సుమిత్రకు పుట్టుకతో ఒక అలవాటుంది. ఏ సర్వీసు ఆలస్యమైనా ఆ సంగతి తనంతట తానే బస్టాండు మైకులో చెప్పేస్తుంది. పేరు మారినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? మైకులో కరెంటు వచ్చిందో లేదో, ఒక ఆడగొంతు తీయగా అందుకుంది.

“ప్రయాణికులకు విజ్ఞప్తి. సర్వీసు నంబరు ఏడు, వీరవేణి, మూడు రోజులు ఆలస్యంగా నడుస్తున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

పది నిమిషాలకొకసారి చింతించింది. బస్టాండులో జనం చెవులు రిక్కించారు.

“ఈరవేణంటే ఏ ఊరెల్తాదండి?” అన్నాడొక కొబ్బరికాయల బేరగాడు.

“కొత్త బండయ్యుంటాదండి. ఏసీ అంట,” అన్నాడు పక్కాయన. ఎవరన్నారో చెప్పలేదు.

“ఏసీ అయితే మాత్రం, మూడ్రోజులు ఆలీసమా? మరీ ఇడ్డూరం కాపోతే!” అంది కాకరకాయల బుట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్న ముసలమ్మ.

పదిగంటలకల్లా విచారణ కిటికీ దగ్గర వరస కట్టారు. పదకొండుకల్లా ‘వీరవేణిని సకాలంలో నడపాలి’ అని ఇరవై రెండు సంతకాలతో వినతిపత్రం తయారైంది. సంతకం కోసం ఆ కాగితాన్ని, గండిలంక బండి దిగుతున్న వీరవేణి చేతికే ఇచ్చారు. ఆవిడ పైనుంచి కిందికి చదివింది. ఒళ్లు మండిపోయింది. పద్నాలుగేళ్లుగా కన్నతల్లికి కూడా చెప్పుకోని సంగతి ఊరంతా కాచుకు కూర్చుంది.

గబగబా కామేశం గారి గదికి వెళ్లింది. “నా పేరు తీయించండి బాబూ, మీకు పుణ్యముంటాది.”

“అది రాజధానిలో ఉన్న సర్వరమ్మా. మాకు చేర్చే అధికారమే గానీ తీసే అధికారం లేదు.” ఆయన అభిమానంగా చూశారు. “సదరు సర్వీసు వచ్చేస్తే సదరు ప్రకటన దానంతటదే ఆగిపోతుంది. నువ్వే కొంచెం ప్రయత్నించి చూడు.”

మర్నాడు పదమూడో తారీకు. వీరవేణి బస్టాండులోకి అడుగు పెడుతుండగా నడుం పట్టేసింది. గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడింది. అరటి పిలకలు కట్టి, ముగ్గులు పెట్టి బస్టాండు పెళ్లివారి ఇల్లులా ఉంది. విచారణ కిటికీ వెనకాల అబ్బులు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ కిటికీలో మోచేతులు ఆనించింది.

“వచ్చిందండి. సెలవియ్యండి.”

“వచ్చిందా! అమ్మయ్య!” అబ్బులు రెండు చేతులూ జోడించాడు. “చైర్మన్ గారొచ్చే ఏళకి గట్టెక్కించావు తల్లీ. సెలవు మటుకు తొమ్మిదినే వాడేసుకున్నావు కదమ్మా?”

“తొమ్మిదిన గోడకి సున్నమేసుకున్నానండి. ఇయ్యాల నిలబడలేకపోతన్నాను.”

“వచ్చే నెల తొమ్మిదికి మళ్లీ ఉంది కదా. ఓపిక పట్టు. ఆరూ పదికి గండిలంక బండెక్కు.”

వీరవేణి ఆయన ముఖంలోకి చూసింది. చెడ్డవాడు కాదు. ఆయనకు కొంచెం కూడా అర్థంకాలేదు, అంతే. ఆయన మోచేతి పక్కనే మైకుంది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాక్కుంది.

“ప్రయాణికులకు నమస్కారమండి. నేను ఈరవేణినండి. బస్సుని కాదండి, కండక్టర్ని. నిన్నట్నించి ఈ మైకు ఆలస్యం ఆలస్యం అంటన్నది నా నెలసరి గురించండి.”

మగవాళ్లందరికీ ఒకేసారి ఆకాశంలో ఏదో చూడదగ్గది కనిపించింది. ఆడవాళ్లు మాత్రం ఆవిడకేసే చూశారు.

“ఇయ్యాల పొద్దున్న వచ్చిందండి. మొదటి రోజు నాకు నడుం లాగేత్తాది. పద్నాలుగేళ్లు ఇలాగే బండెక్కానండి. ఇయ్యాల ఎక్కలేను. ఇంటికెల్లి పడుకుంటాను. తప్పయితే చెప్పండి.”

చైర్మన్ గారి కోసం తెచ్చిన బంతిపూల దండ చేత్తో పట్టుకుని కామేశం గారు పరుగెత్తుకొచ్చారు. “అమ్మా! ఆ మాట! బస్టాండులో! మైకులో!”

“ఏ మాటండీ?” అంది వీరవేణి, మైకులోనే.

“అదే... నె...” ఆయనకు మిగతా అక్షరాలు రాలేదు.

కాకరకాయల ముసలమ్మ లేచింది. “తప్పేటే పిల్లా? ఎల్లి తొంగో. నిన్నట్నించి నేను కాసుక్కూచున్న బండి ఇదా! ఈ మాట ముందే చెప్తే ఏ ఆటోయో ఎక్కేద్దును కదా, నాయాళ్లు!” అని విచారణ కిటికీకేసి చూసి కాండ్రించి ఉమ్మింది.

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారి కారు లోపలికొచ్చింది. ఆయన దిగుతూ, “మైకులో ఏదో ప్రకటన వినిపించింది?” అన్నారు.

“అయ్యా, ఆలస్యమైన సర్వీసు ఒకటి వచ్చిందండి,” అన్నారు కామేశం గారు, దండ ఆయన మెడలో వేస్తూ.

“ఎంత ఆలస్యం?”

“నాలుగు రోజులండి.”

“తగ్గించండి, బాగా తగ్గించండి,” అని చైర్మన్ గారు ముందుకు కదిలారు. ఆ సందట్లో వీరవేణి సంచి సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది.

డ్యూటీ ఎగ్గొట్టి, బహిరంగంగా మాట్లాడినందుకు ఆవిడ మీద చర్య తీసుకోవాల్సిందేనని పైవాళ్లు నిర్ణయించారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నారంతా. కానీ అభియోగ పత్రంలో ఆవిడ ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయాలి. గుమాస్తా ఆ మాట రాయలేక సూపరింటెండెంటుకు పంపాడు. ఆయన కామేశం గారికి పంపారు. కామేశం గారు ప్రాంతీయ అధికారికి నివేదించారు. చివరికి అది ఇలా వచ్చింది. ‘సదరు కండక్టరు బస్టాండు నందు మైకు ద్వారా ............ అని పలికి మండలి ప్రతిష్ఠకు భంగము కలిగించినందున ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’

వీరవేణి ఒక్క వాక్యం రాసి పంపింది. ‘ఖాళీలో ఏమున్నదో తెలియజేసినచో సంజాయిషీ ఇవ్వగలను.’

ఆ ఫైలు మళ్లీ కిందికి రాలేదు. ఋతుమిత్రను సాంకేతిక కారణాల వల్ల ఉపసంహరించుకున్నారు. సెలవు ఉత్తర్వును రద్దు చేద్దామంటే దాని మీద మళ్లీ చర్చ పెట్టాలి, చర్చలో ఆ మాట అనాలి. అందుకని దాన్ని అలాగే వదిలేశారు. ఏ రోజుకారోజు కిటికీ దగ్గర అడిగి తీసుకోవచ్చన్నారు.

తర్వాతి నెల పదిహేనో తారీకున వీరవేణి కిటికీ దగ్గరికి వచ్చింది. అబ్బులు తలెత్తకుండా రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. అలవాటు కొద్దీ, “కారణం?” అని, నాలిక్కరుచుకున్నాడు.

“నెలసరండి.”

ఆయన ‘వ్యక్తిగతం’ అని మొదలుపెట్టాడు.

“అలాక్కాదండి. ఉన్నదే రాయండి.”

అబ్బులు అటూ ఇటూ చూశాడు. ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని, వ్యక్తిగతాన్ని కొట్టేసి, ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఆ నాలుగక్షరాలూ రాశాడు. రాసి కాసేపు వాటికేసే చూశాడు. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“మరి... మా ఇంట్లో ఆవిడక్కూడా ఇలాగే నడుం లాగేదంటావా అమ్మా?” అన్నాడు గొంతు తగ్గించి.

“పెళ్లయ్యి ఎన్నేళ్లయిందండీ?”

“ఇరవై ఆరు.”

“ఇరవై ఆరేళ్లు కాపరం చేసి నన్నడుగుతారేటండీ? ఇంటికెల్లి ఆవిణ్ణే అడగండి,” అని వీరవేణి సంతకం పెట్టేసింది.

ఇంటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, చాప పరుచుకుని పడుకుంది. సాయంత్రం నాలుగింటిదాకా ఆవిణ్ణి ఎవరూ లేపలేదు.